చూడకుండా కొయ్యమన్న పుస్తకం

కుట్లక్కకి కోపం వస్తే దారానికి మైనం ఎక్కువ పట్టించేది. ప్రెస్సులో అందరికీ ఆ సంగతి తెలుసు. మైనం ముద్ద మీద దారం కిర్రుకిర్రుమంటోందంటే ఆ పూట ఆమె గదివైపు ఎవరూ వెళ్ళేవారు కాదు. తమ్ముడొక్కడే వెళ్ళేవాడు. గుమ్మంలో నిలబడి, "ఎవరి మెడకక్కా ఆ తాడు?" అని అడిగేవాడు. ఆమె నవ్వాపుకోలేక సూది కింద పెట్టేది.

ఆ గది ప్రెస్సుకి వెనకవైపు ఉండేది. ముందు హాల్లో స్క్రీన్ ప్రింటింగ్ బల్లలు, వాటి మీద సన్నటి జాలీ బట్ట బిగించిన చట్రాలు, తడి కాగితాలు ఆరబెట్టే తీగల అరలు. హాలంతా థిన్నరు, కిరసనాయిలు వాసన. ఆ వాసన తెగి మైదా జిగురూ మైలుతుత్తమూ కలిసిన వాసన ఎక్కడ మొదలైతే అక్కడినుంచి కుట్లక్క రాజ్యం. ఒక కటింగ్ మిషను, నాలుగు బిగింపు చెక్కలు, కిటికీ పక్కన ఆమె కుర్చీ. ఆ కుర్చీలో ఎవరైనా తెలియక కూర్చుంటే ఆమె ఏమీ అనేది కాదు. వాళ్ళు లేచేదాకా నెత్తిమీద నిలబడేది, అంతే.

తల్లి పోయేనాటికి తమ్ముడింకా చెయ్యి పట్టుకుని నడిచే వయసు. ఇంట్లో పెద్దదిక్కంటూ ఇంకెవరూ లేరు. కుట్లక్క వాణ్ణి వెంటబెట్టుకునే పనికొచ్చేది, కోసిన కాగితం పేలికల కుప్ప మీద పడుకోబెట్టి పుస్తకాలు కుట్టేది. పెళ్ళిమాట ఎవరైనా ఎత్తితే, "కొడుకు పుట్టాక పెళ్ళేమిటి, నవ్విపోతారు" అనేది. ఆ కాగితాల్లో పెరిగినవాడు కాగితాల్లోనే పనికి కుదిరాడు. ముందు హాల్లో కిటికీ దగ్గర బల్ల వాడిది. రంగులు కలిపే పనికొచ్చిన అమ్మాయిని వాడే ఇష్టపడి చేసుకున్నాడు. అలా కుట్లక్కకి మరదలు కూడా ప్రెస్సులోనే దొరికింది. వదినా మరదళ్ళ మాటలు వినడానికి పనివాళ్ళు టీ కూడా చల్లారబెట్టుకునేవారు.

"వదినా, నీ తమ్ముడికి గోరింట రంగుకీ గోధుమ రంగుకీ తేడా తెలీదు."

"తెలిసుంటే నిన్ను చేసుకుంటాడా?"

ఆ మధ్య ఆర్టిస్టులకి పుస్తకాల పిచ్చి పట్టింది. గోడకి తగిలించే బొమ్మలు మానేసి, చేతిలో పట్టుకునే బొమ్మలు కావాలన్నారు. అక్షరం లేని పుస్తకాలు, రెండువైపులా తెరుచుకునేవి, విప్పితే గది ఈ చివరినుంచి ఆ చివరికి పాకే ఒకే ఒక్క కాగితం మడతలు, దబ్బనంతో పొడిచిన చిల్లులు తప్ప మరేమీ లేనివి. ఒకామె పేజీలు పల్చటి సబ్బు రేకులతో చేయించింది. తిప్పేముందు చెయ్యి తడుపుకోవాలి, తిప్పినకొద్దీ పుస్తకం అరిగిపోవాలి. "ఇది చదవాలా, ఒంటికి రుద్దుకోవాలా?" అని కుట్లక్క అడిగింది. అడిగినా కుట్టి ఇచ్చింది. ఇలాంటి పుస్తకాలు కుట్టాలంటే ఆమె దగ్గరికే రావాలని వాళ్ళలో వాళ్ళకి తెలిసిపోయింది. పైకి విసుక్కున్నా, ఎవరైనా కొత్త తిక్కతో గుమ్మంలోకి వస్తే ఆమె కళ్ళు మెరిసేవి.

ఆ తిక్క తమ్ముడికీ అంటింది. కాకపోతే వాడిది వేరే తీరు.

స్క్రీన్ మీద కొత్త పని మొదలెట్టేటప్పుడు మొదటి నాలుగు అచ్చులూ మంచి కాగితం మీద వెయ్యరు. రంగు కుదురుకునేదాకా పాడైన కాగితాల మీద వేసి చూసుకుంటారు. అదే కాగితం రేపు ఇంకో పనికి, ఎల్లుండి మరో పనికి. మందుల డబ్బా మీద సబ్బు పేరు, దాని మీద పరీక్షల ప్రకటన, దాని మీద సగం చేప. ఎవరూ అనుకోకుండా ఒకదాని మీద ఒకటి పడి, ఒక్కోసారి చూస్తే ఊపిరాగిపోయేట్టు తయారవుతాయి. అందరూ వాటిని చివరికి చేతులు తుడుచుకోవడానికి వాడతారు. తమ్ముడు వాడనిచ్చేవాడు కాదు. ఏరి, ఆరబెట్టి, బల్లంత కాగితాలని చుట్టకుండా, మడవకుండా దాచేవాడు. "అక్కా, వీటిని కొయ్యకుండా ఉన్నవున్నట్టు పుస్తకం కుట్టాలి. నేల మీద పరుచుకుని చూడాలి. ఎవరూ ఆర్డరివ్వని పుస్తకం" అనేవాడు. కుట్టేటప్పుడు అంత పెద్ద కాగితం వెన్ను దగ్గర చిరక్కుండా ఎలా ఆగుతుందా అని ఇద్దరూ మధ్యాహ్నాలు కూర్చుని వాదించుకునేవారు.

ఆ వాదన వినడానికి మూడో మనిషి కూడా ఉండేవాడు. ఎండలోనూ ఇంట్లోనూ టోపీ తియ్యని ఆర్టిస్టు ఒకాయన. టోపీ సారు అనేవారు. పని ఉన్నా లేకపోయినా వచ్చి తమ్ముడి బల్ల దగ్గర స్టూలేసుకునేవాడు. తమ్ముడు తన కట్టలోంచి పై కాగితం చూపించాడు. పసుపుపచ్చ చేప ఒకటి, తల ఉంది, తోక ఉండాల్సినచోట నీలం అంకెలు. టోపీ సారు దాన్ని చాలాసేపు చూశాడు. "మిగతావి చూపించకు. పుస్తకమయ్యాకే చూస్తా" అన్నాడు. తమ్ముడు ఆ మాటకి పొంగిపోయాడు.

పుస్తకం కాలేదు. దగ్గు వచ్చింది. థిన్నరు దగ్గే కదా అనుకున్నారు. ఆస్పత్రిలో చేరేనాటికి వాడు మెట్లెక్కలేని స్థితికి వచ్చేశాడు. ఆ తరవాత కుట్లక్క ఇంట్లో అద్దం కూడా తుడవలేదు.

వాడు పోయిన కొన్నాళ్ళకి టోపీ సారు పలకరించడానికి ఇంటికొచ్చాడు. కుట్లక్క లేదు, పనిలో ఉంది. మంచం కింద కట్ట కనిపించింది. "ఇవన్నీ ఏం చేస్తావమ్మా?" అని అడిగాడు. ఆ రోజు మరదలికి ఇల్లంతా థిన్నరు వాసన కొడుతోంది. "తీసుకుపోండి. ఈ కాగితాలే ఆయన ఊపిరి తాగేశాయి" అంది. ఆయన తీసుకుపోయాడు.

కుట్లక్క సాయంత్రం వచ్చి మంచం కింద ఖాళీ చూసింది. మరదలు చెప్పింది. కుట్లక్క తన గిన్నెలు వేరుచేసుకుంది. మర్నాటి నుంచి ఆ ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగాయి.

టోపీ సారుకి కబురు మీద కబురు పంపింది. ఊళ్ళో లేరన్నారు, పనిలో ఉన్నారన్నారు. చివరికి ఆయనే వచ్చాడు, ఆమె గదిలోకే, చంకలో అదే కట్టతో. ఇవ్వడానికి వచ్చాడని ఆమె లేచి నిలబడింది.

"అక్కా, మీ చేతిమీదుగానే జరగాలి ఇది," అన్నాడు. "అరచేతిలో పట్టేంత పుస్తకం. చాలా కాపీలు. ఈ కాగితాలన్నీ ముక్కలు చేసి కుట్టాలి. కానీ ఒక నియమం. చూడకుండా కొయ్యాలి. మిషనులో పెట్టి, కళ్ళు పక్కకి తిప్పుకుని. ఏ ముక్క ఏ కాపీలోకి పోతుందో ఎవరూ ఎంచకూడదు. నేను కూడా పై చేప తప్ప ఇంకోటి చూడలేదు, చూడను."

కుట్లక్క కట్ట మీద చెయ్యి వేసింది.

"ఇవి మా వాడు దాచినవి, బాబూ. కొయ్యకూడదనుకున్నాడు. మీరు ఇక్కడే కూర్చుని విన్నారు."

"విన్నాను. ఒకరకంగా ఇది ఆయనకి నివాళే."

"అయితే పుస్తకంలో ఆ మాట వేస్తారా? వాడు దాచాడని?"

ఆయన టోపీ సర్దుకున్నాడు. "అది వేస్తే కాన్సెప్టు పోతుందక్కా. ఇవి నాకు దొరికినవి. ఎవరివో తెలియనివి. ఎవరూ కావాలని చెయ్యనివి. అదే వీటి అందం. పుస్తకం పేరే 'ఎవరూ వెయ్యని బొమ్మలు'. మీకు కష్టంగా ఉంటే వేరేచోట కోయిస్తాను."

వేరేచోట. ఆ మాటతో ఆమె కోపం నషాళానికెక్కి, అక్కడే గడ్డకట్టింది. కట్టని రెండు చేతులా అందుకుంది.

"కష్టమెందుకు సార్. మీరు చూడనన్నారుగా, నేనూ చూడను" అంది. బాబూ అని పిలవడం ఆ రోజుతో మానేసింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మరదలి పొయ్యి దగ్గర పీట లాక్కుని కూర్చుంది. అన్ని నెలల్లో అదే మొదటిసారి.

"ఆ టోపీవాడు నీ మొగుణ్ణి అరచేతంత ముక్కలు కొయ్యమని నాకిచ్చాడే" అంది.

మరదలు గరిటె పట్టుకునే ఉండిపోయింది. విషయమంతా విన్నాక దాన్ని గిన్నెలోకి విసిరింది. "ఎవరివో తెలియనివా? నా చేత్తో అందిస్తే తీసుకున్నాడు! ఆయన ఫోటోకి దణ్ణం పెట్టి మరీ తీసుకున్నాడు!"

"నువ్వే ఇచ్చావు."

"నేనే ఇచ్చాను. కాదన్నానా? తిట్టాలనుకుంటే ఇప్పుడైనా తిట్టు వదినా, ఈ మౌనం నా వల్ల కాదు."

"తిట్లు తరవాత. ముందు పని. వాడు చూడనన్నాడు. చూడనివాడికి ఏ కాగితమైతే ఏమిటి?"

మరదలు ఆమె మొహంలోకి చూసింది. అర్థమైంది. చాలాకాలం తరవాత ఇద్దరూ ఒకే పళ్ళెంలో తిన్నారు.

ఇప్పుడు తమ్ముడి బల్ల మీద మరదలే అచ్చు వేస్తోంది. తెల్ల కాగితాలు తెచ్చి, పాత చట్రాలు దింపి, పాడైన కాగితాలు తయారుచెయ్యడానికి కూర్చున్నారు. అదేం పెద్ద పని అనుకున్నారు. మొదటి కాగితం తీసి చూస్తే బొమ్మలన్నీ చోటు చూసుకుని పడ్డాయి, భోజనాల బంతిలో కూర్చున్నట్టు.

"వంకరగా వెయ్యవే."

"వేస్తున్నాను. చెయ్యి దానంతటదే గుర్తుల మీదకి పోతోంది. ఇన్నేళ్ళు తిన్నగా వెయ్యమని నెత్తిన మొట్టి నేర్పించారు, ఇప్పుడు చెడగొట్టమంటే ఎలా?"

కళ్ళు మూసుకుని వేసింది. ఎడమచేత్తో వేసింది. కుట్లక్క తనే చట్రం పట్టుకుని అడ్డదిడ్డంగా లాగింది. అది వంకరగా పడలేదు, వంకర వేషం వేసుకున్నట్టు పడింది. మరదలు దాన్ని దూరంగా పట్టుకుని, "ఏడుపు రాకుండా ఏడుస్తున్నట్టుంది" అంది. నిజంగా పాడవ్వాలంటే నిజంగా పని జరగాలి. చివరికి అదే దారి పట్టారు. ప్రెస్సులో ఏ పనొచ్చినా మొదటి అచ్చులు ఆ కాగితాల మీదే వెయ్యాలి. మిగతా బల్లలవాళ్ళకి మరదలు టీ పోసి, "మీ పరీక్ష కాగితాలు కూడా ఇవే వాడండి, నాకు కావాలి" అని చెప్పింది. ఎందుకని ఎవరూ అడగలేదు. మొగుడు పోయాక పిచ్చిదైపోయింది కదా అనుకున్నారు. ఆ పిచ్చిని ఆమె బాగా వాడుకుంది.

టోపీ సారు వానలయ్యేదాకా గడువిచ్చాడు. ఆ వానలన్నీ పనులొచ్చాయి. గొడుగుల కొట్టు సంచులు, జ్వరం మందు డబ్బాలు, ట్యూషన్ల ప్రకటనలు, కొత్తగా వచ్చిన నీళ్ళ సీసా చుట్టు కాగితం. కాగితాలు మెల్లగా బరువెక్కాయి. మధ్యాహ్నం టీ వేళ ఇద్దరూ వాటిని పరిచి ఏరేవారు.

"ఇది వద్దు. ఆయనకి ఎరుపు ఇంత నచ్చదు."

"నాకు నచ్చింది. ఉండనీ."

"ఆయన పుస్తకంలా ఉండాలి కదా?"

"ఎందుకుండాలి? వాడి పుస్తకం వాడిది. ఇది మన పగ. మనిష్టం."

పైనున్న చేపతోనే చిక్కొచ్చింది. టోపీ సారు చూసింది ఆ ఒక్క కాగితాన్నే. అది కాపీల్లో కనబడకపోతే అనుమానిస్తాడు. రంగు కలిపి ఇంకో చేప వెయ్యాలని చూశారు, కానీ ఆ చేప బొమ్మ చట్రం ఎప్పుడో కడిగేశారు. ఇక మిగిలింది తమ్ముడి చేపే.

"అదొక్కటీ వద్దు వదినా," అంది మరదలు. "అనుమానిస్తే అనుమానించనీ."

"ఒక్కటి పోతేనే మిగతావి దక్కుతాయి."

కుట్లక్క ఆ కాగితాన్ని మిషనులో పెట్టింది. ఆమె చేతికింద ఎన్ని వేల కాగితాలు తెగాయో, ఆ రోజు పిడి కిందికి లాగడానికి తన బరువంతా వెయ్యాల్సొచ్చింది. కన్ను ఒక ముక్కలోకి, నోరు ఒక ముక్కలోకి పోయాయి. మరదలు గదిలోంచి వెళ్ళిపోయింది. కుట్లక్క ఆ ముక్కల్ని పక్కన పెట్టి, టోపీ సారు చావక తప్పదనుకుంది. మనిషి కాదు, ఆ మనిషిలో మాటలాడే గొంతు.

తరవాత తాము చేసిన కాగితాలు కోసింది. చూసి కోసింది. ప్రతి ముక్కా చూసి, దేని పక్కన ఏది బాగుంటుందో ఎంచి, ఎదురెదురు పేజీలు జత చేసి కుట్టింది. ఎవరూ ఎంచని పుస్తకమని టోపీవాడు చెప్పుకుంటాడు. అందులో ఎంచనిది ఒక్కటి కూడా ఉండకూడదని ఆమె పట్టుదల. వెన్ను కప్పకుండా, దారం బయటికి కనిపించేలా వదిలింది. ఇన్నేళ్ళలో అంత అందంగా ఆమె ఏదీ కుట్టలేదు. కక్షతో కుట్టినది అలా కుదరడం చూసి ఆమెకే ఒళ్ళు మండింది.

టోపీ సారు వచ్చి మొదటి కాపీ అందుకుని గబగబా తిప్పాడు. చేప కన్ను దగ్గర ఆగాడు. మరదలు రంగు డబ్బా మూత తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయింది.

"ఆహా. చూడకుండా కోసినందుకే ఇంత ప్రాణం వచ్చిందక్కా. చూసి కోస్తే చచ్చిపోయేది."

"మీ కాన్సెప్టు గొప్పదండీ" అంది కుట్లక్క.

పుస్తకం విడుదల ఒక తెల్లగోడల హాల్లో జరిగింది. బల్లల మీద కాపీలు, పక్కన తెల్లటి చేతి తొడుగులు, తిప్పేవాళ్ళు వేసుకోవడానికి. వదినా మరదళ్ళిద్దరూ ఇస్త్రీ బట్టల్లో వెళ్ళారు. కుట్లక్క చేతికి కూడా ఎవరో తొడుగులందించారు. "నా జిగురు చేతులకి ఇప్పుడా తొడుగులు!" అని మరదలి చెవిలో అంది. మరదలు నవ్వలేదు. ఆమె కళ్ళు టోపీ సారు మీదే ఉన్నాయి.

ఆయన మైకు ముందు నిలబడ్డాడు. "వీటి వెనక ఏ మనిషి ఉద్దేశమూ లేదు. ఎవరో తెలియని చేతులు పారేసిన కాగితాలు. నేను వాటిని చూడను కూడా లేదు. చూడకపోవడమే నా పని" అన్నాడు. చప్పట్లు మోగాయి. తరవాత ఒక కుర్చీలో కూర్చుని పెన్సిలుతో ఒక్కొక్క కాపీ వెనకా సంతకం పెట్టాడు. కుట్లక్క ఆ పెన్సిలుని కన్నార్పకుండా చూసింది. కాపీలన్నీ అయ్యాయి. తీసుకున్నవాళ్ళు సంచుల్లో పెట్టుకున్నారు.

అప్పుడు లేచి ఆయన పక్కకెళ్ళింది.

"సార్, ఇవి మా వాడివి కావు" అంది, నీళ్ళు కావాలా అని అడిగినంత మెల్లగా. "మీరిచ్చినవి ఇంట్లో ఉన్నాయి. చేప తప్ప ఒక్కటీ తెగలేదు. ఇవి మేమిద్దరం వేసినవి. నేను చూసి కోసినవి."

ఆయన నవ్వాడు. మరదలు ఒక కాపీ తెరిచి ఆకుపచ్చ గీత మీద వేలు పెట్టింది. "ఇది నీళ్ళ సీసా కాగితం. ఆ కంపెనీ మొదలైందే ఆయన పోయాక. బయట దుకాణంలో అమ్ముతున్నారు, కొనుక్కొచ్చి పక్కన పెట్టి చూసుకోండి."

నవ్వు ఆగిపోయింది. మొహంలో రక్తం దిగిపోవడం కుట్లక్క దగ్గరనుంచి చూసింది. ఇన్ని నెలలు ఆమె ఎదురుచూసింది దానికోసమే.

"ఒరిజినల్స్ నాకిచ్చెయ్యండి" అన్నాడు.

"ఏ ఒరిజినల్స్ సార్? ఎవరివో తెలియనివన్నారు."

"మీ మరదలు నాకిచ్చారు!"

"ఇచ్చాను. మళ్ళీ తెచ్చుకున్నాను" అంది మరదలు.

"అందరికీ చెప్తాను."

"చెప్పండి. మైకు ఇంకా తియ్యలేదు" అని కుట్లక్క దారిచ్చింది. హాల్లో జనం ఇంకా ఉన్నారు. ఒక పెద్దావిడ తన కాపీని గుండెకి ఆనించుకుని ఆయనకి దూరంనుంచే దణ్ణం పెట్టింది. ఆయన తిరిగి దణ్ణం పెట్టాడు. మైకు దగ్గరికి వెళ్ళలేదు.

ఇంటికొచ్చి ఇద్దరూ తమ్ముడి కాగితాలు నేల మీద పరిచారు. వాటిని కొయ్యకుండా కుట్టే పనికి ఏడాది పట్టింది. కుట్లక్క వెన్నుకి గుడ్డ పట్టీలు వేసి నిలబెట్టింది. తెరవాలంటే మంచం గోడవైపు జరపాలి. పొయ్యి మళ్ళీ ఒకటే అయింది.

అక్కడితో ఆపేసి ఉండొచ్చు. కుట్లక్క ఆపలేదు. టోపీ సారు పుస్తకానికి పేరొచ్చింది. చోటుచోటుకీ పిలిచి మాట్లాడించారు. ఎక్కడ మాట్లాడుతున్నాడో కనుక్కుని, బస్సెక్కి, మరదల్ని లాక్కుని వెళ్ళేది. ముందు వరసలో మధ్య కుర్చీ. ఏమీ అనేది కాదు, ఏమీ అడిగేది కాదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని ఆయన నోటివైపు చూసేది. మొదట్లో ఆయన ఆమెని చూడగానే తడబడేవాడు. తరవాత తరవాత ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి గ్లాసు అందుకునేవాడు. 'ఏ మనిషి ఉద్దేశమూ లేదు' అనేది గొంతులోంచి ముల్లు తీసినట్టు వచ్చేది. ఒకసారి ఆ వాక్యం వదిలేశాడు. ముందు వరసలోంచి కుట్లక్క దగ్గింది. ఆయన వెనక్కెళ్ళి ఆ వాక్యం చెప్పాడు.

"ఇంకెన్నాళ్ళు వదినా?" అని మరదలు బస్సులో అడిగేది.

"మా వాడు మెట్లెక్కలేక ఎన్నిచోట్ల ఆగాడో అన్నిచోట్ల వీడూ ఆగాలి."

కొన్నేళ్ళకి ఒక కాలేజీ లైబ్రరీలో పిలిచారు. టోపీ సారు గడ్డం నెరిసింది. అన్నీ చెప్పాక ఒక విద్యార్థిని లేచింది. "సార్, ఎవరో ఒకరు వేస్తేనే కదా ఇవి పడతాయి? ఆ మనిషి ఎవరో కనుక్కోవాలని మీకెప్పుడూ అనిపించలేదా?"

ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. టోపీ లేకుండా ఆ తల ఎవరూ చూసి ఉండరు, చాలా చిన్నదిగా కనిపించింది.

"నాకు మొదటినుంచీ తెలుసు," అన్నాడు. "అలాంటి కాగితాలు ఒకాయన ప్రాణంగా దాచుకున్నాడు. నాకు చూపించాడు. ఆయన పోయాక నేను తెచ్చుకుని, దొరికాయని చెప్పాను. ఈ పుస్తకంలో ఉన్నవి ఆయనవి కూడా కావు. వీటిని వేసినవాళ్ళు ఇక్కడే ఉన్నారు. ముందు వరసలో. వాళ్ళు చెప్తే బాగుంటుంది."

హాలంతా ముందు వరసకేసి తిరిగింది. మరదలు కుర్చీ చెయ్యి పట్టుకుని లేవబోయింది. ఆమె కళ్ళలో అప్పటికే నీళ్ళున్నాయి. కుట్లక్క ఆమె మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది. తనే లేచింది.

"సారుది పెద్ద మనసు. మాలాంటివాళ్ళని గొప్ప చెయ్యాలని చూస్తారు" అంది. "నేను పుస్తకం కుట్టే మనిషిని, ఈమె రంగులు కలుపుతుంది. ఆ కాగితాలు ఎవరివో మాకేం తెలుసు? సారుకి దొరికినవే. ఇన్నేళ్ళుగా సార్ చెప్తున్నదే నిజం."

హాలంతా చప్పట్లు. వాళ్ళ వినయానికి కొన్ని, ఆయన వినయానికి మరికొన్ని. విద్యార్థిని కూడా కళ్ళు తుడుచుకుంటూ కొట్టింది. టోపీ సారు మైకు వైపు వంగి, వెనక్కి జరిగాడు. ఇక ఏం చెప్పినా అది ఆయన మంచితనమే అవుతుంది. చప్పట్లు ఆగేదాకా టోపీ అంచు నలుపుతూ కూర్చున్నాడు.

బస్సులో మరదలు పక్కన కూర్చోలేదు. ముందు సీట్లో కూర్చుని, చాలా దూరం పోయాక వెనక్కి తిరగకుండానే అంది.

"చెప్తున్నాడు కదా వదినా. అంతమంది ముందు ఆయన గురించి చెప్తున్నాడు. ఇంకో నాలుగు మాటలు విననిస్తే నీ సొమ్మేం పోయింది?"

"చెప్పేస్తే వాడికి బరువు దిగిపోతుంది."

"దిగితే దిగనీ! మా ఆయన సంగతి నలుగురికీ తెలిసేది."

"వాడి నోటితోనా?"

"ఎవరి నోటితోనైతే ఏం? నువ్వు చెప్పొచ్చుగా, లేచి నిలబడ్డావుగా. నీ నోటికేమైంది?"

కుట్లక్క మొహం తిప్పుకుంది. కిటికీలోంచి దుకాణాలు వెనక్కిపోతున్నాయి. లేచి నిలబడ్డప్పుడు తమ్ముడి మొహం గుర్తురాలేదు, ఎదురుగా ఉన్నవాడి మొహమే కనిపించింది. ఆ సంగతి ఆమెకి అప్పుడు తట్టింది. తట్టినా బయటికి అనలేదు. స్టాపు రాగానే మరదలు దిగి, ఆగకుండా ముందు నడిచింది.

మళ్ళీ టోపీ సారు ఎక్కడో మాట్లాడుతున్నాడని తెలిసిన రోజు కుట్లక్క బట్టలు ఇస్త్రీ చేసుకుంది. మరదలు మంచం గోడవైపు జరిపి, నేల మీద ఆ పెద్ద పుస్తకం పరుచుకుని కూర్చుని ఉంది. పక్కవాటా ఆవిడ కూడా వచ్చి చూస్తోంది.

"నేను రాను" అంది మరదలు.

"పోనీ."

"నువ్వూ పోకు. వచ్చి కూర్చో. ఈవిడ అడుగుతోంది, ఆయనెలా ఏరేవాడో నువ్వైతే బాగా చెప్తావు."

కుట్లక్క గుమ్మంలో కాసేపు నిలబడింది. తెరిచి ఉన్న కాగితాన్ని చూసింది. "వచ్చాక చెప్తాను" అని చెప్పులేసుకుంది.

ముందు వరసలో మధ్య కుర్చీ ఖాళీగానే ఉంది. పక్క కుర్చీలో తన సంచి పెట్టింది. టోపీ సారు వచ్చి, ఆమెని చూసి, సంచిని చూసి, మైకు దగ్గర నిలబడ్డాడు. కొత్తగా ఏమీ ప్రయత్నించలేదు. నీళ్ళు తాగి, పాత వాక్యమే ఎత్తుకున్నాడు. ఆలస్యంగా వచ్చిన ఒకాయన సంచి తియ్యమని సైగ చేసి, పక్కన సర్దుకుని కూర్చున్నాడు.

"ఈయన బాగా చెప్తాడటండీ" అన్నాడు మెల్లగా.

"వినండి," అంది కుట్లక్క కుర్చీలో వెనక్కి వాలుతూ. "ఇవాళ ఇంకా బాగా చెప్తాడు."